తిరగేసిన ఫిల్ము

స్టూడియో చీకటి గదిలో కత్తెర బల్లకి కుడిపక్క మేకుకి వేలాడుతుంది. టేపు ముక్కలు దాని కింద బల్ల అంచుకి వరసగా అంటించి ఉంటాయి. ఖాళీ డబ్బా ఎడమచేతి కింద ఉంటుంది. తలుపు వేసి, గడప సందులో గోనెపట్టా కుక్కి, దీపం ఆర్పేశాక అతను ఇక దేన్నీ వెతుక్కోడు. కొత్త ఫిల్ము రీలు కొసని వేళ్లతో పట్టుకుని, తిరగేసి, ఖాళీ డబ్బాలోంచి బయటికి పొడుచుకొచ్చిన ముక్కకి టేపుతో అంటించాడు. ఇరుసు తిప్పుతుంటే ఆ డబ్బాలోని ఫిల్ము ఈ డబ్బాలోకి గరగరమంటూ దూరుతోంది. ఎలుక గుడ్డపీలికని లాక్కుపోతున్నట్టుండే ఆ చప్పుడు అతనికి మీసం రాకముందు నుంచీ పరిచయం.

ఫిల్ముకి రెండు వైపులుంటాయి. ఒకటి నున్నటి వీపు, రెండోది రంగులు పట్టే పూత. మామూలుగా వెలుతురు పూత మీద పడుతుంది, ఏ రంగుకి ఆ రంగు అంటుకుంటుంది. దాన్ని తిరగేసి చుడితే వెలుతురు వీపులోంచి దూరి రావాలి. ఎరుపు ముందుగా తగులుతుంది, దాని వెనకే పసుపు వస్తుంది, నీలం అసలు చేరనే చేరదు. ఆకాశం తేనె రంగులోకి, ఆకులు ఇటుక రంగులోకి, మనుషుల మొహాలు బంగారు రంగులోకి మారిపోతాయి. నిన్న తీసిన ఫొటో తాతల కాలంనాటి దానిలా ఉంటుంది. స్టూడియో పెట్టిన పెద్దాయన బతికుండగా ఎవరైనా పొరపాటున ఇలా చుట్టి ఉంటే వాడి ఏడు తరాల్నీ తిట్టిపోసేవాడు. ఇప్పుడు అదే కావాలని పెళ్లి కుదిరిన జంటలు ఊళ్లు దాటి వస్తున్నాయి. స్టూడియో నడుస్తున్నది ఆ పొరపాటు మీదే.

వీధిలో అతన్ని 'బాగావచ్చారు' అంటారు. అసలు పేరు పిలిచే వాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయి, ఆ పేరే నిలబడింది. కళ్లు మూసుకుపోయిన వాడికీ, మెడ పట్టేసినట్టు నిలబడ్డ వాడికీ, ఫొటో అంతా నోరు తెరిచి ఏడ్చిన పసిపిల్ల తల్లికీ అతను చెప్పేది ఒకటే మాట. ఫొటో కవరులో పెట్టి రెండు చేతులా అందిస్తూ, బాగా వచ్చారండీ అంటాడు. అది అబద్ధమని అతను ఏనాడూ అనుకోలేదు. అన్నం పెట్టే పనికి ఆమాత్రం మర్యాద ఉండాలనుకున్నాడు. ఎదురుగా ఉన్న మంగలి షాపాయన అయితే అతను కనిపించినప్పుడల్లా అద్దం ముందు నిలబడి, నేనెలా వచ్చానో చెప్పి వెళ్లవయ్యా అని ఆటపట్టిస్తాడు. అతను నవ్వి పోతాడు తప్ప మారు మాట్లాడడు.

ఇవాళ పొద్దున మంగలాయన కూడా ఆటపట్టించలేదు. 'బాగావచ్చారు' భార్యని నిన్న ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చేశారని వీధంతా తెలిసిపోయింది.

కాలేయం పాడైంది. ఏడాదిగా ముదిరి, చివరికి డాక్టర్లు చేతులెత్తేశారు. డాక్టరు అతన్ని పక్కకి పిలిచి, ఇంటికి తీసుకెళ్లండి, ఆవిడకి ఏది ఇష్టమైతే అది ఇవ్వండి అన్నాడు. మంచి మాటే అన్నాడనుకుని అతను దణ్ణం కూడా పెట్టాడు. ఆ మాటకి అర్థమేమిటో మెట్లు దిగుతుండగా తెలిసొచ్చి, రెయిలింగు పట్టుకుని కాసేపు అక్కడే కూర్చుండిపోయాడు.

ఏది ఇష్టమని అడిగితే ఆమె అడిగింది ఫొటో.

దానికో కథ ఉంది. కొన్ని నెలల కింద అతను ఓ జంట ఫొటోలు ఇంటికి తెచ్చుకుని, అంచులు కత్తిరిస్తూ కూర్చున్నాడు. ఆమె మంచం మీంచి ఒకటి అందుకుని చూసింది. అప్పటికే ఆమె కళ్లు, మొహం, అరచేతులు పసుపు పచ్చగా తిరిగిపోయాయి. చూసి చూసి, "అయ్యో పాపం, వీళ్లందరికీ నా జబ్బే తగులుకుందే" అంది. ఇద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నవ్వు ఆగాక ఆమె మళ్లీ ఆ ఫొటో కేసి చూస్తూ, దీన్లో నన్ను తీస్తే తెలీదన్నమాట అంది. అప్పటికి ఆ మాట అక్కడితో ఆగిపోయింది. నిన్న సాయంత్రం ఇంటికొచ్చాక మళ్లీ బయటికొచ్చింది. ఈ వయసులో, ఈ జబ్బు లేకుండా తను ఎలా ఉండేదో ఒక్కసారి చూసుకోవాలట. పాత ఫొటోలున్నాయి కదా అన్నాడతను. అవి అప్పటివి, ఇప్పటి నన్ను చూడాలి అంది.

పాత ఫొటోలైనా ఏమంత గొప్పవని? ఫొటోలు తీసేవాడి పెళ్లామే గానీ, ఆమెని కూర్చోబెట్టి తీసిన ఫొటో ఒక్కటీ లేదు. పెళ్లిళ్లో, బడిపిల్లల గుంపో తీశాక రీలు చివర ఒకటో రెండో ఫ్రేములు మిగిలేవి. కడగాలంటే రీలు పూర్తవ్వాలి కదా, ఇంటికొచ్చి ఆమెని తీసేవాడు. పిండి చేతులతో ఒకటి, బట్టలు పిండుతూ ఒకటి, సగం మొహం తలుపు చాటున ఒకటి. నాకెప్పుడూ మిగిలిందేగా అని ఆమె దెప్పిపొడిచేది. ఈసారి అలా కాదని, రీలు మొత్తం నీదేనని అతను మాటిచ్చాడు.

ఆ మాట నిలబెట్టుకోవడం చిన్న పనేమీ కాదు. ఏ ఫిల్ముని తిరగేసినా ఆ తేనె రంగు రాదు. మిగతావన్నీ ఇంటికి నిప్పంటుకున్నట్టు ఎర్రగా వస్తాయి. ఆ ఒక్క రకానికే ఆ రంగుంది, దాన్ని చేసేవాళ్లు చేయడం మానేశారు. అలమరాలో రెండు మిగిలాయి. ఒకటి ఇవాళ్టి జంటకి, నిన్ననే తిరగేసి పెట్టాడు. రెండోది స్టూడియో అమ్మాయి, పెద్దాయన కూతురు, పొద్దున అతను నోరు తెరవకముందే తెచ్చి చేతిలో పెట్టింది. పిన్ని కోసం వాడుకో బాబాయ్ అని, ఇంకో మాటకి తావివ్వకుండా వెళ్లిపోయింది.

ఆ రీలే ఇప్పుడు అతని చేతుల్లో ఉంది. గరగర ఆగింది. చుట్టడం అయిపోయింది. కత్తిరించి, కొస బయటికి ఉంచి బల్ల మీద పెట్టాడు. పెట్టాడో లేదో, లోపల ఎక్కడో బిగబట్టుకున్నదంతా ఒక్కసారి తెగింది.

ఇంట్లో ఏడవడానికి వీల్లేదు, ఆమె చూస్తుంది. వీధిలో ఏడవడానికి వీల్లేదు, అందరూ చూస్తారు. చీకటి గదిలో ఎవరూ చూడరు, పైగా లోపల మనిషి ఉంటే తలుపు తెరవకూడదన్నది ఆ స్టూడియోలో పెద్దాయన పెట్టిన కట్టుబాటు. అతను బల్ల మీద తల ఆనించి, చొక్కా చెయ్యి నోట్లో కుక్కుకుని, వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎంతసేపని ఎవరు చెప్పగలరు? తలెత్తేసరికి మొహమంతా తడిసి ముద్దయింది, బుర్ర ఖాళీ అయిపోయింది. చేతికి రెండు డబ్బాలు తగిలాయి. ఒకటి ఖాళీది, ఇంకోదాంట్లో ఫిల్ము ఉంది. తిరగేశానా, ఇంకా తిరగెయ్యాలా? ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. టేపు అంటించినట్టూ ఉంది, అంటించబోతూ కూలబడినట్టూ ఉంది.

దానికీ ఓ ఉపాయముంది. ఫిల్ము కొసని పెదవికి ఆనిస్తే పూత ఉన్న వైపు కాస్త అంటుకుని వస్తుంది, వీపు అంటుకోదు. చీకట్లో పనిచేసే వాళ్లందరికీ పెదవే కన్ను. అతను కొసని పైపెదవికి ఆనించాడు. అంటుకుంది. తిప్పి రెండోవైపు ఆనించాడు. అదీ అంటుకుంది. చొక్కాతో మూతి తుడుచుకుని మళ్లీ ఆనించాడు. చొక్కా చెయ్యి కూడా తడిగానే ఉంది.

బయట అమ్మాయి తలుపు మీద మెల్లగా తట్టి, జంట వచ్చారు బాబాయ్ అంది. వచ్చేస్తున్నానన్నాడు. తిరగెయ్యకుండా ఉండిపోతే భార్య ముందు తలెత్తుకోలేడు. అంటించబోతూ కూలబడి ఉంటాననే మనసు అటే మొగ్గింది. ఖాళీ డబ్బా తీసుకుని, టేపు అంటించి, గరగరమని చుట్టేశాడు. డబ్బాకి ఎర్రటేపు గుర్తు పెట్టి జేబులో వేసుకుని, మొహం కడుక్కుని బయటికొచ్చాడు.

జంటని ఊరి చివర పాడుబడిన రైలు షెడ్డు దగ్గరికి తీసుకెళ్లాడు. పెళ్లికూతురు తన అమ్మమ్మ ఆల్బంలోని రంగు కావాలంది. అబ్బాయికి ఏదైనా సరే, తొందరగా అయిపోతే చాలు. ఈ ఫిల్ముకి వెలుతురు బాగా తాగే గుణం ఉంది; మామూలు కంటే ఎన్నో రెట్లు పొయ్యాలి. అందుకని వాళ్లని మండుటెండలో నిలబెట్టి, లైట్ మీటరు మొహాల దగ్గర పెట్టి చూసుకుంటూ, ఓపిగ్గా తీశాడు. నిండు ఆరోగ్యంతో మెరిసిపోతున్న పిల్లలు. ఎర్రటి పెదవులు, తెల్లటి కళ్లు. వీళ్లు ఇంత శ్రమపడి పసుపు పచ్చగా కనబడాలనుకోవడం చూస్తే అతనికి ఒళ్లు మండుకొచ్చింది. ఆ మంట తనకెందుకొచ్చిందో తెలిసి, వెంటనే సిగ్గుపడ్డాడు. ఎండకి పెళ్లికూతురు కళ్లు తిరుగుతున్నాయంటే, చాలు, బాగా వచ్చారని చెప్పి, రీలు చివర కొన్ని ఫ్రేములు ఉండగానే ఆపేశాడు.

మధ్యాహ్నం ఇంటికి వెళ్లేసరికి పక్కింటి టైలరమ్మ అతని భార్యని ముస్తాబు చేసి ఉంచింది. అతను పనికి వెళ్లినప్పుడు ఆమె దగ్గర కూర్చునేది ఈవిడే. నోరు పెద్దది, మనసూ పెద్దదే. ఆకుపచ్చ బట్టలు వేసింది గానీ అవి ఒంటి మీద నిలవక వేలాడుతుంటే, వీపు వెనక మడతలు పోసి గుండుసూదులు పెట్టింది. ముందు నుంచి చూస్తే కొలతిచ్చి కుట్టించుకున్నట్టే ఉంది. వెనక్కి ఆనుకున్నావో చచ్చావే, అన్నీ గుచ్చుకుంటాయి అని టైలరమ్మ హెచ్చరించింది. చచ్చావే అన్న మాట నోరు జారాక నాలుక కరుచుకుంది. ఆమె మాత్రం నవ్వి, ఆనుకోనులే అంది.

పడమటి కిటికీ పక్కన కుర్చీ వేశాడు. ఎదురుగా తాడు కట్టి, తెల్లదుప్పటి ఆరేశాడు. కిటికీ వెలుతురు దాని మీద పడి మళ్లీ ఆమె మొహం మీదికి వస్తుంది. ఆమె సూదులు గుచ్చుకోకుండా నిటారుగా కూర్చుంది. ఏడాదిగా అద్దం కేసి చూడని మనిషి లెన్సు కేసి సూటిగా చూసింది. అతను జేబులోంచి ఎర్రటేపు డబ్బా తీసి, తన సొంత పాత కెమెరాలో వేసి, రీలు మొత్తం ఆమె మీదే ఖర్చుపెట్టాడు. తల పక్కకి, కాస్త పైకి, చేతులు ఒళ్లో. మధ్యలో ఒకసారి ఆమెకి ఆయాసం వచ్చింది, ఆగాడు. అరచేతులు దురద పెట్టి గోకుతుంటే, పట్టుకుని నిమిరాడు. ఆ జబ్బు లక్షణమే అంత, రాత్రిళ్లు కంటిమీద కునుకు ఉండనివ్వదు. చివరికి ఆమె అలిసిపోయి, ఇవాళే చూపిస్తారా అంది. పొద్దు వాలేలోపు తెస్తానన్నాడు.

స్టూడియోకి ఇంచుమించు పరిగెత్తాడు. మందునీళ్ల వేడి వేలుతో చూసి, మళ్లీ థర్మామీటరుతో చూసి, ఫిల్ము కడిగాడు. ఈ పనిలో అతనికి తిరుగులేదు. కడగడం అయ్యాక డబ్బా మూత తీసి, తడి రీలుని లాగి దీపానికి అడ్డం పెట్టాడు.

తిరగేసిన ఫిల్ము కడిగితే నెగెటివ్ అంతా ఒకే రంగులో, పాచి పట్టినట్టు ఆకుపచ్చగా ఉంటుంది. ఇది అలా లేదు. బట్టలు ఒక రంగు, గోడ ఒక రంగు, మొహం ఒక రంగుగా, దేనికది విడివిడిగా ఉంది. వెలుతురు ఎక్కువ తాగి కాస్త మందంగా ఉంది, అంతే తేడా. నమ్మలేక అంచు మీద అచ్చయిన అక్షరాలు చూశాడు. తిరగేసిన దాంట్లో అక్షరాలు సరిగ్గా కనబడేలా పట్టుకుంటే బొమ్మ అద్దంలోలా ఎడమ కుడీ మారి ఉంటుంది. ఇక్కడ అక్షరాలు సరిగ్గా ఉన్నాయి, ఆమె ఎడమచెంప మీది పుట్టుమచ్చ ఎడమచెంప మీదే ఉంది. రెండుసార్లు తిరగేశాడు. రెండుసార్లు తిరగేస్తే ఏమవుతుంది? ఎప్పటిలా ఉంటుంది.

అతను ఆ రీలుని క్లిప్పుకి తగిలించి, కింద నీళ్లు కారుతుంటే చూస్తూ ఉండిపోయాడు. ఏడుపు రాలేదు. రావాల్సిందంతా పొద్దున్నే వచ్చేసి కొంప ముంచింది.

అమ్మాయి వచ్చి సంగతి కనిపెట్టింది. మందలించలేదు, ఓదార్చలేదు. ఒక ఫ్రేము మిషన్లో పెట్టి, కంప్యూటరు మీదికి తెచ్చి, రంగులు మార్చి చూసింది. మొహంలోంచి పసుపు తీసేస్తే గోడ నీలంగా మారింది, పెదవులు బూడిద రంగైపోయాయి. మొహం ఒక్కదాన్నే పట్టుకుని మారిస్తే అట్టబొమ్మకి రంగేసినట్టయింది. అతను ఆపమ్మా అన్నాడు. ఉన్నది ఉన్నట్టుగా ఒకటి అచ్చువేసి ఇమ్మన్నాడు. చూపించడానికి కాదు. ఆమె అంత నిటారుగా కూర్చుని ఇచ్చిన మొహాన్ని చెత్తలో పారెయ్యడానికి చేతులు రాలేదు, అంతే.

"పొద్దున్నటి రీలు ఇంకా కెమెరాలోనే ఉంది కదా బాబాయ్," అంది అమ్మాయి. "చివర మిగిలినవి పిన్నికి తియ్యి. వాళ్లకి నేను చెప్పుకుంటాను. వెళ్లు, ఎండ ఉండగానే వెళ్లు."

వెళ్లాడు. కవరులో పెట్టిన అచ్చూ, నెగెటివ్ ముక్కా సంచీలోనే ఉన్నాయి.

టైలరమ్మ లేచి తన ఇంటికి పోయింది. ఆమె మంచం మీద పక్కకి ఒరిగి పడుకుని ఉంది. గుండుసూదులు తీయనివ్వలేదట; ఫొటో బాగా రాకపోతే మళ్లీ తీస్తారేమో, ఉండనీ అందట. అతను కెమెరా కుర్చీలో పెట్టి, చేసిన పొరపాటు తనే సరిదిద్దేసుకుని, తర్వాత చెప్పుకుందామనే ఆలోచనలో ఉన్నాడు.

"తెచ్చారా?" అంది.

అతను సంచీని వెనక్కి జరిపాడు. ఆమె చేయి చాపింది. ఇన్నేళ్ల కాపురంలో అతని మొహంలో ఆమె చదవలేనిది ఏదీ లేదు. సంచీలో ఉందని కూడా తెలిసిపోయినట్టుంది. చాపిన చేయి దించలేదు. అతను కవరు తీసి ఇచ్చాడు.

ఆమె చాలాసేపు చూసింది. కళ్లలోని పసుపు, చెంపల కింద గుంటలు, మెడ మీద గోకిన గీతలు, అన్నీ ఉన్నాయి. తెల్లగోడ తెల్లగా ఉంది, ఆకుపచ్చ బట్టలు ఆకుపచ్చగా ఉన్నాయి. ఆమె ఒక్కతే పసుపుగా ఉంది.

"అనండి మరి," అంది చివరికి. "ఊరందరికీ అంటారుగా."

"ఇది ఆ ఫిల్ము కాదు. ఫిల్ము అదే, కానీ... తిరగబడలేదు. నాదే పొరపాటు."

"మీకా పొరపాటు? కళ్లు మూసుకుని చేసే పని."

"చీకట్లో ఏడుపొచ్చింది," అన్నాడు. ఆ మాట ఎప్పుడూ ఆమె ముందు అనలేదు. "పెదవి తడైపోయింది. ఏ వైపు అంటుకుంటోందో తెలియలేదు. రెండుసార్లు చుట్టేశాను."

ఆమె అతని కేసి చూసింది. కోపంగా కాదు. కవరు చేతికిచ్చేటప్పుడు ఫొటోలో కళ్లు మూసుకుపోయినవాడు అతని కేసి ఎలా చూస్తాడో, పోనీలే పెద్దమనిషి, బతకనీ అని, అలా చూసింది.

"ఇన్నేళ్లూ అందరికీ చెప్పారు. నాకైనా నిజం చెప్పండి. ఆ ఫిల్ము కూడా నన్ను దాచలేకపోయింది. అంతేగా?"

అతను ఆమె చేతిలో చేయి వేశాడు. ఒట్టు పెట్టాడు. సంచీలోంచి నెగెటివ్ ముక్క తీసి కిటికీకి అడ్డం పెట్టి, అంచు మీద అక్షరాలు చూడు, పుట్టుమచ్చ ఏ వైపుందో చూడు అని వేలితో చూపించాడు. ఆమె కళ్లకి ఆ చిన్న అక్షరాలు ఆనవు. ఆనినా ఆమెకి అవి అక్షరాలే గానీ సాక్ష్యం కాదు. జీవితంలో మొదటిసారి ఒక ఫొటో గురించి ఉన్న నిజం ఉన్నట్టు చెబితే, అది కూడా ఎప్పటి మాటలాగే వినబడింది. ఇన్ని వేల మందికి చెప్పిన ఆ మాటని వెనక్కి తీసుకోగలిగితే బాగుండునని, అప్పుడైనా ఈమె తనని నమ్మేదని అతను లోపల్లోపల గిజగిజలాడాడు.

"సరేలెండి," అంది ఆమె. "ఉన్నదేగా వచ్చింది."

ఫొటోని బోర్లించి పక్కన పెట్టేసింది.

అతను గబగబా కెమెరా తీశాడు. ఇందులో ఉన్నది నిజంగా తిరగేసిన ఫిల్మేనని, నిన్న తన చేత్తో చుట్టానని, పొద్దున జంటకి తీయగా ఇంకా ఉన్నాయని, ఎండ కూడా ఉందని, ఇప్పుడు తీసి రేపు పొద్దున్నే తెస్తానని, ఒకదాని మీద ఒకటి చెప్పుకుపోయాడు. అడుక్కుంటున్నట్టే ఉంది ఆ గొంతు.

"మళ్లీ మిగిలిందేనా?" అంది. పెదవి చివర చిన్న నవ్వు కదిలింది. అతని కోసమే ఒప్పుకుందని అతనికీ తెలుసు. "దువ్వెన ఇవ్వండి."

ఆమె మెల్లగా, మధ్యమధ్యలో చేయి దించుకుంటూ తల దువ్వుకుంది. జుట్టు బాగా పలచబడింది. ఎడమవైపు పాపిడి తీసి, అరచేత్తో అణిచి, దువ్వెన కిటికీ గట్టు మీద పెట్టింది. ఒక్క చిటికె సేపు నడుం వాలుస్తానంది. వెలుతురు పోకముందే లేపండి అంది. అతను సూదులు ఒక్కొక్కటే తీసి, ఆమెని పడుకోబెట్టాడు. జుట్టు చెదరకుండా వెల్లకిలా, తల కదపకుండా పడుకుంది.

ఎండ పడమటి కిటికీలోంచి నేరుగా మంచం మీదికొచ్చింది. దుప్పటి, గోడ, మందుల సీసాలు, అతని చేతులు, ఆమె మొహం అన్నీ ఒకటే రంగైపోయాయి. ఏ రంగు కోసం అతను పొద్దున్నుంచీ తంటాలు పడ్డాడో ఆ రంగు పుణ్యానికి వచ్చి గదినిండా పడింది. ఆ వెలుతుర్లో ఆమెకి ఏ జబ్బూ లేదు. ఈ వయసులో ఎలా ఉండేదో అలా ఉంది. లేపి చూపిద్దామన్నా చూపించడానికి వీల్లేనిది అదొక్కటే. అతను కెమెరా కంటికి ఆనించాడు. దించేశాడు. ఆమెని ఎప్పుడూ ఆమెకి తెలియకుండానే తీశాడు. ఇవాళ ఆమె కూర్చుని, లెన్సు కేసి చూసి, తనే మొహం ఇస్తానంది. అలాగే తీయాలి.

లేపాలి. కానీ ఆమె చేతులు గోక్కోవడం లేదు. ఎన్నాళ్లకో పట్టిన నిద్ర. మీటరు ఆమె మొహం దగ్గర పెట్టి చూశాడు, ముల్లు పైనే ఉంది. ఇంకాస్త ఆగొచ్చు అనుకున్నాడు. మళ్లీ పెట్టి చూశాడు, ముల్లు కొంచెం దిగింది. ఫర్వాలేదు, ఇంకాస్త పడుకోనీ. బయట పిల్లలు ఆడుకుంటున్న గోల, టైలరమ్మ కుట్టుమిషను చప్పుడు వినబడుతున్నాయి. ముల్లు ఇంకా దిగింది. ఈ ఫిల్ముకి ఇక చాలదు, ఇప్పుడు లేపకపోతే ఇవాళ్టికి లేదు. చేయి చాపాడు, వెనక్కి తీసుకున్నాడు. రేపు కూడా ఎండ వస్తుంది కదా అని తనకి తాను చెప్పుకున్నాడు. అది నమ్మడానికి అతనికి ఆ క్షణంలో ఏ కష్టమూ కలగలేదు.

ఎండ మంచం దిగి, నేల మీదికి పాకి, గోడెక్కి, పోయింది. ముల్లు కదలడం మానేసింది. అప్పుడు అతను వంగి, లేవమ్మా, వెలుతురు పోయింది, ఏమీ అనుకోకు, రేపు తీస్తానని చెవిలో చెప్పాడు. నుదుటి మీద చేయి వేశాడు. చేయి అక్కడే ఉంచి, ఊపిరి కోసం చాలాసేపు చూశాడు. ఎప్పుడు పోయిందో తెలియదు. ఎండ ఉండగానో, ఎండతోపాటో, తను మీటరు చూస్తుండగానో. పక్కనే కూర్చుని, కళ్లలో వత్తులు వేసుకుని చూస్తూ, ఆ ఒక్కటీ చూడలేకపోయాడు.

కుట్టుమిషను ఆగాక టైలరమ్మ దీపం పెట్టడానికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడిపోయి, నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి లోపలికొచ్చి, తాడు మీది తెల్లదుప్పటి తీసి ఆమె మీద కప్పింది. అతను నమ్మించడానికి ప్రయత్నిస్తున్నట్టు, నిజంగానే నాదే పొరపాటు, ఆమె నమ్మలేదు అన్నాడు. దేని గురించి అంటున్నాడో టైలరమ్మకి తెలియలేదు. నీ పొరపాటు ఏముందన్నయ్యా, అంతా అయిపోయింది అని భుజం పట్టుకుని లేవదీసింది.

వీధివాళ్లు వచ్చారు. మంగలాయన కొట్టు మూసి వచ్చాడు, స్టూడియో అమ్మాయి వచ్చింది. కుర్చీలు బయట వేశారు, మంచం మధ్యకి జరిపారు, సీసాలు ఎవరో తీసి పక్కన పెట్టారు, గది ఊడ్చారు. అన్నీ అటూ ఇటూ అయ్యాయి. కిటికీ గట్టు మీది దువ్వెనని మాత్రం ఎవరూ చూసుకోలేదు. ఫొటో కోసం ఆమె పెట్టిన చోటే, పళ్ల మధ్య నాలుగు పొడుగాటి వెంట్రుకలతో, అలాగే ఉంది.